కంప్యూటరు మనది - తాళంచెవి ఎవరిది?

(మహిళా కంప్యూటర్ శిక్షణ కేంద్రాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నాకిచ్చిన విషయం, వినటానికి, హక్కుల గురించి మాట్లాడే సభకు తగినదిగా అనిపించకపోవచ్చు. పాత కంప్యూటర్లో లినక్స్ వేసుకుంటే వై-ఫై ఎందుకు రాదు, ప్రింటరు ఎందుకు మొరాయిస్తుంది అన్నది మెకానిక్కుని అడగాల్సిన ప్రశ్న కదా అని మీలో కొందరైనా అనుకుంటూ వుంటారు. కానీ కొంతకాలంగా ఏ కేంద్రానికి వెళ్ళినా నాకు ఎదురవుతున్న ప్రశ్న ఇదే. దానితోపాటు రెండు మాటలు కూడా తప్పకుండా వినబడుతున్నాయి. "ఊరికే వచ్చినది ఇలాగే వుంటుంది" అనేది ఒకటి. "ఇవన్నీ ఆడవాళ్ళ వల్ల అయ్యే పనులు కావమ్మా, కొత్తది కొనుక్కోండి" అనేది రెండోది.

ఈ రెండు మాటలూ నిజం కావు. చాలా సందర్భాల్లో లోపం ఆ సాఫ్ట్‌వేరుదీ కాదు, కూర్చుని దాన్ని ఎక్కించిన మనిషిదీ కాదు. డబ్బిచ్చి కొన్న వస్తువు గురించి కొన్నవాళ్ళకి చెప్పకుండా అట్టిపెట్టుకున్న సమాచారమే అసలు కారణం. అందుకే ఇది హక్కుల ప్రశ్న అని నేను అంటున్నాను. ముందు ఇది ఎలా జరుగుతుందో చూద్దాం, తర్వాత మనం ఏం చెయ్యగలమో మాట్లాడుకుందాం.

ఇప్పుడే ఎందుకు?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు ముగిసింది. మరికొంత కాలం భద్రతా సవరణలు అందుకునే పొడిగింపు ఏర్పాటు వున్నా అది తాత్కాలికమే. పోనీ విండోస్ 11కి మారదామంటే, దానికి టి.పి.ఎం. 2.0 అనే భద్రతా చిప్పు వుండాలి, ప్రాసెసరు కూడా ఆ సంస్థ ఆమోదించిన జాబితాలో వుండాలి. ఇంటెల్ ప్రాసెసర్ల విషయంలో ఆ జాబితా స్థూలంగా 2017 చివర్లో వచ్చిన 8వ తరంతో మొదలవుతుంది. మన కేంద్రాల్లో వున్నవి అంతకు ముందువే ఎక్కువ. బ్యాంకులూ ఆఫీసులూ కొత్తవి కొనుక్కున్నప్పుడు మనకి ఇచ్చిన పాతవి. అవి చెడిపోలేదు. నిన్నటిదాకా నడిచినట్టే ఈ రోజూ నడుస్తున్నాయి. వాటికి కొత్తగా వచ్చిన జబ్బేమీ లేదు, మందు ఇవ్వటం మాత్రం మానేశారు.

ఏం మునిగిపోయింది, అలాగే వాడుకుందాం అనవచ్చు. ఆ యంత్రాల్లో ఏముందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. 2005 గృహహింస చట్టం కింద మనం తయారు చేసిన అర్జీలున్నాయి. ఆ స్త్రీల ఫోను నెంబర్లున్నాయి, వైద్య పత్రాలున్నాయి, ఇంట్లోంచి బయటికి వచ్చాక వాళ్ళు ఎక్కడ తలదాచుకున్నారో ఆ చిరునామాలున్నాయి. భద్రతా సవరణలు ఆగిపోయిన కంప్యూటరులో, పదిమంది పెన్‌డ్రైవులు గుచ్చే కంప్యూటరులో ఆ కాగితాలు వుంచటం తలుపు గడియ వెయ్యకుండా పడుకోవటమే. కాబట్టి మనకి మూడు దారులున్నాయి. కొత్తవి కొనాలి, డబ్బు లేదు. గడియ లేకుండా వుండాలి, అది చెయ్యకూడదు. లేదా లినక్స్ వేసుకోవాలి.

డ్రైవర్ అంటే ఏమిటి?

మన శిక్షణ కేంద్రాల్లో కుట్టుమిషన్లు వున్నాయి కనుక ఆ పోలికతో చెబుతాను. మిషను ఎంత మంచిదైనా దానికి సరిపడే సూది, బాబిన్ వుండాలి. సూది నెంబరు మిషను కొన్నప్పుడు చెబుతారు. ఆ నెంబరు చెప్పకుండా, "మేము చెప్పిన దర్జీ దగ్గరే కుట్టించుకోండి" అంటే ఎలా వుంటుంది? కంప్యూటరులో సరిగ్గా అదే జరుగుతోంది. వై-ఫై కార్డు, సౌండు, కెమెరా, ప్రింటరు ఇవన్నీ వేరువేరు కంపెనీల సరుకు. ఆపరేటింగ్ సిస్టమ్ వాటితో మాట్లాడాలంటే ప్రతిదానికీ ఒక చిన్న ప్రోగ్రామ్ కావాలి. దాన్నే డ్రైవర్ అంటారు. విండోస్‌కి ఆ డ్రైవర్‌ని పరికరం తయారుచేసిన కంపెనీయే రాసి ఇస్తుంది, ఎందుకంటే దాని అమ్మకం అక్కడే వుంది. లినక్స్‌కి కొన్ని కంపెనీలు రాసి ఇస్తాయి, కొన్ని సమాచారం మాత్రం ఇస్తాయి, కొన్ని ఏదీ ఇవ్వవు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం పుట్టుకలో కూడా ఒక ప్రింటరు వుంది. 1980 ప్రాంతంలో అమెరికాలో ఎం.ఐ.టి. ప్రయోగశాలకి జిరాక్స్ సంస్థ ఒక లేజర్ ప్రింటరు ఇచ్చింది. కాగితం ఇరుక్కుంటే అందరికీ కబురు వెళ్ళేలా పాత ప్రింటరు ప్రోగ్రామ్‌ని అక్కడ పనిచేసే రిచర్డ్ స్టాల్‌మన్ మార్చుకున్నాడు. కొత్తదానికి సోర్సు కోడు, అంటే మనిషి చదివి మార్చగలిగే రూపంలో వున్న ప్రోగ్రామ్, ఇవ్వలేదు. ఆ కోడు వున్న మరో విశ్వవిద్యాలయంలోని వ్యక్తిని అడిగితే, ఎవరికీ ఇవ్వనని ఒప్పందం చేసుకున్నానని ఆయన నిరాకరించాడు. 1983లో స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టుని ప్రకటించటం వెనక వున్న అనుభవాల్లో ఇదొకటి. 1991 ఆగస్టులో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన కెర్నెల్ గురించి మొదటిసారి తెలియజేసినప్పుడు, తన దగ్గరున్న రకం హార్డుడిస్కు తప్ప మరొకటి అందులో బహుశా ఎప్పటికీ పనిచెయ్యదనే చెప్పాడు. ఈ రోజు ఆ కెర్నెల్ కోడులో సగానికి పైగా డ్రైవర్లే. ఆండ్రాయిడ్ ఫోన్లన్నీ దాని మీదే నడుస్తున్నాయి. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లూ దాని మీదే నడుస్తున్నాయి. "ఊరికే వచ్చినది ఇలాగే వుంటుంది" అనేవారికి ఈ జవాబు చాలు.

మూడు తాళాలు

ఇంత పెద్దదయ్యాక కూడా మన వై-ఫై ఎందుకు రాదు? మూడు తాళాలున్నాయి.

మొదటిది, సమాచారం ఇవ్వకపోవటం. ఒక చిప్పుతో ఎలా మాట్లాడాలో కంపెనీ చెప్పకపోతే, బయటివాళ్ళు దాని ప్రవర్తన గమనించి ఊహించి రాయాలి. బ్రాడ్‌కామ్ వై-ఫై చిప్పులకి చాలాకాలం అలాగే జరిగింది. ఒక బృందం పాత డ్రైవర్‌ని పరిశీలించి వివరాలు రాస్తే, ఆ డ్రైవర్‌ని చూడని మరో బృందం ఆ వివరాలని బట్టి కొత్తది రాసింది. 2010లో గానీ ఆ కంపెనీ తన కొత్త చిప్పుల్లో కొన్నింటికి ఓపెన్ సోర్స్ డ్రైవర్ విడుదల చెయ్యలేదు. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డులకి కూడా ఇలా బయటినుంచి రాసిన డ్రైవర్ వుంది. ఆ కంపెనీ తన కెర్నెల్ భాగాల కోడుని బయటపెట్టింది 2022లో. అదీ కొత్త కార్డులకే తప్ప మన దగ్గర వుండే పాత కార్డులకి కాదు.

రెండోది, ఫర్మ్‌వేర్. కొన్ని పరికరాల్లో లోపల మరో చిన్న కంప్యూటరే వుంటుంది. కరెంటు ఇచ్చిన ప్రతిసారీ దానికి ఒక ప్రోగ్రామ్ ఎక్కించాలి. అది ఎక్కకపోతే డ్రైవర్ వున్నా లేనట్టే. ఆ ఫర్మ్‌వేర్ కోడు కంపెనీ దాచుకుంటుంది. కొన్నిసార్లు ఇతరులు పంచిపెట్టటానికి కూడా అనుమతి ఇవ్వదు. డెబియన్ అనే పంపిణీ తన సూత్రాల ప్రకారం ఇలాంటి మూసివున్న ఫర్మ్‌వేర్‌ని అధికారిక ఇన్‌స్టాలేషన్ డిస్కులో పెట్టేది కాదు. ఫలితం ఏమిటి? వై-ఫై రావాలంటే ఫర్మ్‌వేర్ దింపుకోవాలి, ఫర్మ్‌వేర్ దింపుకోవాలంటే వై-ఫై రావాలి. బావిలో పడ్డ చేదని తీయటానికి ఆ చేదే కావాలన్నట్టు వుండేది. 2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసి, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి దాన్ని డిస్కులోనే చేర్చారు. సూత్రం ముఖ్యమా, కంప్యూటరు ఎదుట కూర్చున్న మనిషి ముఖ్యమా అని వాళ్ళు చేసిన చర్చ మనలాంటి సంఘాలు కూడా చదవదగ్గది.

మూడోది, సంతకం. సెక్యూర్ బూట్ అనే ఏర్పాటు 2012లో విండోస్ 8తో బాగా వ్యాప్తిలోకి వచ్చింది. నమ్మదగిన సంతకం వున్న ప్రోగ్రామ్‌నే కంప్యూటరు మొదలుపెట్టనిస్తుంది. ఉద్దేశం మంచిదే, దొంగ ప్రోగ్రాములు అడ్డుకోవటం. కానీ మామూలు కంప్యూటర్లలో ముందే వేసి వచ్చే తాళంచెవి మైక్రోసాఫ్ట్‌ది. అందువల్ల పెద్ద లినక్స్ పంపిణీలు కూడా తమ తొలి మెట్టుని ఆ సంస్థ చేత సంతకం చేయించుకునే నడుస్తున్నాయి. ఉబుంటు, డెబియన్ వంటివి ఇలా మామూలుగానే ఎక్కుతాయి. అయితే విడిగా తెచ్చుకున్న డ్రైవర్‌కి ఆ సంతకం వుండదు కనుక అది ఎక్కదు. అప్పుడు మన సొంత తాళంచెవిని యంత్రంలో నమోదు చేసుకోవాలి, లేదా సెక్యూర్ బూట్ ఆపెయ్యాలి. దాన్ని ఆపటం అంటే ఒక రక్షణ వదులుకోవటమే. తెలిసి చెయ్యాలి గానీ, ఎవరో చెప్పారని చెయ్యకూడదు.

ఎక్కించే ముందు

ఇక పనిలోకి వద్దాం. లినక్స్‌లో వున్న పెద్ద సౌకర్యం ఏమిటంటే, కంప్యూటరులో దేన్నీ చెరపకుండా, పెన్‌డ్రైవు నుంచే దాన్ని నడిపి చూడవచ్చు. చీర కొనేముందు మడత విప్పి చూసుకున్నట్టు ముందు ఇది చెయ్యండి. వై-ఫై కలుస్తుందా, సౌండు వస్తుందా, కెమెరా కనిపిస్తుందా, ప్రొజెక్టరు తగిలిస్తే బొమ్మ పడుతుందా, మూత మూసి తెరిస్తే నిద్ర లేస్తుందా, ప్రింటరు కాగితం తీస్తుందా, తెలుగు సరిగ్గా కనిపిస్తుందా - ఈ ఏడూ ఒక కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటే చూడండి.

పెట్టె మీద రాసిన మోడల్ పేరుని నమ్మవద్దు. ఒకే పేరుతో ఈ ఏడు ఒక చిప్పు, వచ్చే ఏడు మరో చిప్పు పెట్టి అమ్ముతుంటారు. లోపలి చిప్పు ఏదో తెలుసుకోవటానికి లినక్స్‌లో ఎల్.ఎస్.పి.సి.ఐ., ఎల్.ఎస్.యు.ఎస్.బి. అని రెండు ఆదేశాలున్నాయి. అవి ఇచ్చే నెంబరులో కంపెనీ గుర్తు నాలుగు అక్షరాలు, పరికరం గుర్తు నాలుగు అక్షరాలు వుంటాయి. ఆ నెంబరు దొరికితే సగం సమస్య తీరినట్టే.

కొన్ని ల్యాప్‌టాపుల్లో ఇన్‌స్టాలర్‌కి అసలు హార్డుడిస్కే కనిపించదు. డిస్కు పాడైందని భయపడవద్దు. బయోస్‌లో డిస్కు పద్ధతి రెయిడ్ అని వుంటే దాన్ని ఎ.హెచ్.సి.ఐ.కి మార్చాల్సి రావచ్చు. అలా మార్చాక పాత విండోస్ తెరుచుకోకపోవచ్చు కనుక ముందుగా ఫైళ్ళన్నీ మరోచోట భద్రపరచండి. వై-ఫై రాకపోతే తాత్కాలికంగా నెట్ తీగ వాడండి. అది కూడా లేకపోతే ఆండ్రాయిడ్ ఫోనుని యు.ఎస్.బి. తీగతో తగిలించి టెథరింగ్ ఆన్ చెయ్యండి, సాధారణంగా ఏ డ్రైవరూ అడక్కుండానే నెట్ వస్తుంది.

ప్రింటర్ల సంగతి కొంత మెరుగైంది. నెట్‌వర్కు మీద పనిచేసే కొత్త ప్రింటర్లలో చాలావాటికి ఇప్పుడు విడిగా డ్రైవర్ అక్కర్లేదు. ఫోను నుంచి నేరుగా ముద్రించగలిగే ప్రింటరు అయితే లినక్స్ నుంచి కూడా ముద్రించే అవకాశం ఎక్కువ. ఇబ్బంది పెట్టేవి చవకరకం యు.ఎస్.బి. లేజర్ ప్రింటర్లు. వాటిలో ఆలోచించే భాగం తగ్గించి ఆ పని కంప్యూటరు మీద వేస్తారు కనుక, కంపెనీ డ్రైవర్ లేకపోతే అవి ఉత్త పెట్టెలే. ఆధార్ వేలిముద్ర పరికరం, డిజిటల్ సంతకం టోకెన్ వాడే కేంద్రాలు, వాటికి లినక్స్ సాఫ్ట్‌వేరు వుందో లేదో తేల్చుకున్నాకే మారండి.

మరీ పాత 32 బిట్ యంత్రాల విషయంలో లినక్స్ ప్రపంచం కూడా చేతులెత్తేస్తోంది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 నుంచి వాటికి ఇన్‌స్టాలర్ ఇవ్వటం మానేశారు. ఇది కూడా మనం తెలుసుకుని వుండాలి.

మా కేంద్రం అనుభవం

మా కేంద్రానికి దానంగా వచ్చిన ఆరు కంప్యూటర్లలో నాలుగింటికి లినక్స్ ఎక్కించటానికి ఒక పూట పట్టింది. మిగిలిన రెండింటిలో వై-ఫై రాలేదు. బాగుచేసే షాపతను చూసి, వీటిని తూకానికి అమ్మెయ్యండి అన్నాడు. ఇంటర్ పాసై మా దగ్గర టైపింగ్ నేర్చుకుంటున్న ఒక అమ్మాయి ఆ చిప్పు నెంబరు కాగితం మీద రాసుకుని, ఫోనులో రెండు రోజులు వెతికింది. ఫర్మ్‌వేర్ ప్యాకేజి పేరు తెలుసుకుని, తన ఫోను తగిలించి దింపింది. ఒకదానికి వై-ఫై వచ్చింది. రెండోదానికి ఎంత చేసినా రాలేదు. దానికి లినక్స్‌లో పనిచేస్తుందని తెలిసిన చిప్పు వున్న చిన్న యు.ఎస్.బి. వై-ఫై పరికరం కొని పెట్టాం. ప్రింటరు మాత్రం లొంగలేదు, దాన్ని విండోస్ వున్నవాళ్ళకి ఇచ్చేసి వేరేది తీసుకున్నాం. ఆరు యంత్రాలూ ఇప్పుడు నడుస్తున్నాయి. ఆ అమ్మాయిని ఇప్పుడు పక్క కేంద్రాల వాళ్ళు పిలుచుకుని వెళుతున్నారు, ఆటో ఛార్జీలతో పాటు పనికి డబ్బు కూడా ఇచ్చి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. లినక్స్ రంగంలో స్త్రీలు చాలా తక్కువని గమనించి 1990ల చివర్లో లినక్స్‌చిక్స్ అనే బృందం, 2004లో డెబియన్ విమెన్ ఏర్పడ్డాయి. స్త్రీలని ఎలా ప్రోత్సహించాలో వివరిస్తూ 2002లో వాలరీ హెన్సన్ (తర్వాత వాలరీ అరోరా) ఒక కరదీపిక రాశారు. అందులో ఒక సలహా నాకు చాలా విలువైనదిగా తోచింది. నేర్చుకుంటున్న స్త్రీ చేతిలోంచి కీబోర్డు లాక్కోవద్దు అని. మన ఇళ్ళలో, షాపుల్లో, కొన్నిసార్లు మన కేంద్రాల్లో కూడా జరిగేది అదే కదా. "ఇలా ఇవ్వు, నేను చేసేస్తాను" అంటారు. పని అయిపోతుంది, నేర్చుకోవటం మాత్రం ఆగిపోతుంది.

ఒక అభ్యంతరం

"అమ్మాయిలకి ఉద్యోగాలు కావాలి. బజారులో ఖాతాల సాఫ్ట్‌వేరూ, తెలుగు డి.టి.పి.యీ విండోస్ మీదే అడుగుతారు. మీరు లినక్స్ నేర్పితే వాళ్ళ గతేమిటి?" అని ఒక కార్యకర్త నన్ను అడిగింది. ఇది తీసిపారెయ్యాల్సిన ప్రశ్న కాదు. అందుకే ప్రతి కేంద్రంలోనూ కొత్త విండోస్ నడిచే కంప్యూటరు ఒక్కటైనా వుంచుకోమని నేను చెబుతాను. కానీ టైపింగు, లెక్కల పట్టికలు, ఉత్తరాలు, ఇంటర్నెట్ - నేర్చుకోవటంలో ఎక్కువ భాగం ఇవే. ఇవి ఏ యంత్రం మీద నేర్చుకున్నా మరోదాని మీద పనికొస్తాయి. యూనికోడ్‌లో ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిన తెలుగు కొట్టటం నేర్చుకున్న అమ్మాయికి విండోస్ అయినా, లినక్స్ అయినా ఒకటే. పాత డి.టి.పి. ఫాంట్లలో వున్న మన కరపత్రాలే ఇబ్బంది పెడతాయి. వాటిని యూనికోడ్‌కి మార్చుకోకపోతే తెరమీద పిచ్చిగీతలే కనిపిస్తాయి. ఆ పని ఎటూ చెయ్యాల్సిందే.

కేరళలో ప్రభుత్వ పాఠశాలలు ఏళ్ళ తరబడి గ్నూ/లినక్స్ మీదే కంప్యూటర్ చదువు చెబుతున్నాయి. మన హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ తెలుగులో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసింది. దారి వేసినవాళ్ళు ముందే వున్నారు.

మనం ఏం అడగాలి?

2019 వినియోగదారుల రక్షణ చట్టం, కొనే వస్తువు నాణ్యత, ప్రమాణం గురించి తెలుసుకునే హక్కు మనకుందని చెబుతోంది. కేంద్ర ప్రభుత్వం 2015లో తన కార్యాలయాల కోసం ఓపెన్ సోర్స్ విధానం ప్రకటించింది. 2022లో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, ఆ డిసెంబరులోనే అందుకోసం ఒక పోర్టల్ ప్రారంభించింది. మొబైల్ ఫోన్లలో రాజ్యాంగం గుర్తించిన భారతీయ భాషలన్నీ చదవగలిగేలా వుండాలని 2016లో తయారీదారులకి నిబంధన పెట్టింది. అంటే ఈ దేశంలో అమ్మే యంత్రం ఎలా వుండాలో చెప్పగల శక్తి ప్రభుత్వానికి వుంది. అడిగేవాళ్ళు కావాలి.

ఏమడగాలో నేను నాలుగు ముక్కల్లో చెబుతాను. పరికరం ఏయే ఆపరేటింగ్ సిస్టమ్‌లతో పనిచేస్తుందో, లోపలి చిప్పు ఏదో పెట్టె మీద రాయాలి. ఫర్మ్‌వేర్‌ని ఎవరైనా పంచిపెట్టుకునే అనుమతి ఇవ్వాలి. కంపెనీ ఒక పరికరానికి మద్దతు మానుకున్న రోజున దాన్ని నడపటానికి కావలసిన సమాచారం బయటపెట్టాలి. సెక్యూర్ బూట్ తాళంచెవి మార్చుకునే అధికారం యంత్రం సొంతదారుకి వుండాలి. ప్రజల డబ్బుతో కొనే ప్రతి కంప్యూటరు టెండరులోనూ ఈ షరతులు పెట్టాలి.

అంతవరకు మన చేతిలో వున్న పని ఒకటుంది. ప్రతి కేంద్రం తన యంత్రాల జాబితా రాయాలి. ఏ మోడలు, లోపల ఏ చిప్పు, ఏది పనిచేసింది, ఏది చెయ్యలేదు, ఎలా సరిచేశారు - ఇంతే. అరఠావు కాగితం చాలు, తెలుగులో రాయండి. ఇరవై కేంద్రాల కాగితాలు ఒకచోట చేరితే ఏ ప్రింటరు కొనాలో, ఏది కొనకూడదో చెప్పటానికి ఏ షాపతని దగ్గరికీ వెళ్ళనక్కర్లేదు. ఇరవై కేంద్రాలు కలిసి కొంటామంటే దుకాణదారు రసీదు మీద "లినక్స్‌లో పనిచెయ్యకపోతే వాపసు" అని రాసి ఇస్తాడు. ఒక్కరు అడిగితే రాయడు.

వచ్చే సమావేశానికి ఆ కాగితాలు పట్టుకుని రండి. వాటిని రాసిన అమ్మాయిలని కూడా వెంట తీసుకురండి. ఈసారి వాళ్ళే మాట్లాడాలి.